సమ్మె రోజుల్లో రాధమ్మ కట్టిన కారు

కారు నడపడం నేర్చుకుంటానని రాధమ్మ అన్నప్పుడు కొడుకు శ్రీధర్ నవ్వాడు. ఆమె నిజంగానే అంటోందని తెలిశాక, ఒక ఆదివారం పొద్దున అల్మాస్‌గూడ వైపు ఖాళీ రోడ్డుకు తీసుకుపోయి ఒకే ఒక్క పాఠం చెప్పాడు. ఆ పాఠంలో రాధమ్మ క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ తొక్కి, రోడ్డు పక్కన ఎవరో పేర్చుకున్న పిడకల గుట్టను నిలువునా చీల్చుకుంటూ వెళ్లింది. గుట్టకే గాని మనుషులకేమీ కాలేదు. బంపర్ మాత్రం చాలా రోజులు వాసన కొట్టింది. ఆనాటి నుంచి శ్రీధర్ కారు తాళం బీరువాలో పెట్టి, బీరువా తాళం జేబులో వేసుకుని తిరగసాగాడు.

రాధమ్మకు యాభై దాటాయి. పోచంపల్లి నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో ఇల్లు కట్టుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. గల్లా పెట్టె దగ్గర కూర్చునేది భర్త మారయ్య, బేరం ఆడేది రాధమ్మ. జాకెట్టు గుడ్డ కోసం వచ్చిన మనిషికి పెళ్లిచీర అమ్మి పంపిన చరిత్ర ఆమెది. అటువంటి మనిషిని పట్టుకుని ‘ఈ వయసుల నీకెందుకమ్మా’ అన్నాడు కొడుకు. ‘నీకెందుకే’ అన్నాడు భర్త. వయసు ఊసెత్తనందుకు భర్తను కొంచెం క్షమించింది.

కోడలు ఇందు మాత్రం ఏమీ అనలేదు. ఆమె ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది. ఒకనాడు పేపరు తిరగేస్తూ, కోయంబత్తూరులో ఎవరో ఒకాయన చిన్న కారుకు కావలసిన ఇనప చట్రం, ఫైబర్ బాడీ డబ్బాల్లో పెట్టి పంపిస్తున్నాడని, పాత మారుతి ఎనిమిదివందల ఇంజను ఒకటి మనం తెచ్చుకుంటే అన్నీ ఇంట్లోనే బిగించుకోవచ్చని చదివి వినిపించింది. ఊరికే, వింతగా ఉందని చదివింది. రాధమ్మ బియ్యం ఏరడం ఆపి, బొమ్మ చూపించమంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, కప్పలాంటి మూతి.

“అంటే, ముక్కలు ఒస్తయి. మనమే కుట్టుకోవాలె.”

“కుట్టుడు కాదత్తమ్మా, బిగించుడు.”

“ఏదైతేంది. ఫోను చెయ్.”

కోయంబత్తూరు మనిషి ఫోనులో మొదట సార్‌ను పిలవమన్నాడు. సార్ లేడని ఇందు చెప్పింది. మరి కారు ఎవరు కడతారని అడిగాడు. మా అత్తమ్మ కడుతుందంది. అతను ధర రెండుసార్లు చెప్పాడు. తరువాత అడ్రసు అడిగాడు. చిట్టీ పాడిన డబ్బు రాధమ్మ దగ్గర ఉంది కాబట్టి ఇంట్లో ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

ఇంజను కోసం కూడా దూరం పోనక్కర్లేదు. పక్కింటి పట్టాభి దగ్గర పాత మారుతి ఒకటి గోడవారగా పడి ఉంది. పట్టాభిది తెనాలి దగ్గర ఊరు. సర్కారు ఉద్యోగం చేసి రిటైరై ఇక్కడే ఉండిపోయాడు. కంటి ఆపరేషన్ తరువాత కారు తీయడం మానేశాడు. బాడీ తుప్పు పట్టి, వెనక సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. రోజూ సాయంత్రం ఆయనా మారయ్యా ప్రహరీ గోడకు అటొకరు ఇటొకరు నిలబడి, రాష్ట్రం విడిపోవాలా కలిసి ఉండాలా అని చీకటి పడేదాకా అరుచుకునేవాళ్లు. చీకటి పడగానే దోమలు కుడతాయని ఇద్దరూ లోపలికి పోయేవాళ్లు. ఆ విధంగా సమస్య మర్నాటికి వాయిదా పడేది.

రాధమ్మ అడిగితే పట్టాభి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ కారులో తన భార్య ఎక్కి తిరిగిందని, ఆవిడ పోయాక అమ్మబుద్ధి కాలేదని చెప్పాడు. ఆఖరికి ఒక షరతు పెట్టాడు.

“కారు కదిలిన మొదటి రోజు, పక్క సీట్లో నేను కూర్చోవాలండీ. ఇంకేమీ వద్దు.”

రాధమ్మ సరేనంది. ఆ షరతుకు ఒప్పుకున్నందుకు ఆమె ఏనాడూ బాధపడలేదు. పెట్టినందుకు పట్టాభి మాత్రం తరువాత చాలా బాధపడ్డాడు.

లారీ డబ్బాలు దింపిన రోజు గల్లీ అంతా పోగైంది. వినాయక నిమజ్జనం అయిపోయి అప్పటికి కొద్ది రోజులే. గడ్డిలో చుట్టిన ఆ పెద్ద ఫైబర్ బాడీని చూసి, నిమజ్జనం అయినంక వినాయకుణ్ణి తెప్పించుకున్నదేందని ఆడవాళ్లు గుసగుసలాడారు. గడ్డి తీశాక పడవ అన్నారు. మారయ్య దుకాణం నుంచి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి పోయి, అన్నం తినకుండా పడుకున్నాడు. తన తల్లికి స్నానాల తొట్టి వచ్చిందని శ్రీధర్ స్నేహితులందరికీ ఫోన్లు చేశాడు.

ఆ వారమే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, దుకాణం షట్టరు దిగింది, ఇందు ఆఫీసు కూడా ఇవాళ ఉంటే రేపు లేదన్నట్టు నడిచింది. మారయ్య తెల్ల చొక్కా వేసుకుని ఎల్బీనగర్ చౌరస్తాలోని టెంటులో రిలే నిరాహార దీక్షకు కూర్చోసాగాడు. పొద్దున ఇంట్లో మూడు గ్లాసుల జొన్న గటక తాగి పోయేవాడు, సాయంత్రం వచ్చి అన్నం తినేవాడు. మధ్యలో మాత్రం నిజంగానే దీక్ష. శ్రీధర్ టీవీ ముందు సమ్మె చేశాడు. అత్తాకోడళ్లకు మాత్రం ఊపిరాడనంత పని.

కారు కట్టడం అంటే మొదట ఇంకో కారు విప్పడమని వాళ్లకు అప్పుడే తెలిసింది. ఇందు ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పేది, రాధమ్మ పానా పట్టుకుని మారుతి కిందికి దూరేది. చీర మీద శ్రీధర్ పాత చొక్కా తొడుక్కుని, కొంగు బొడ్లో దోపుకుని, ఇరవై ఏళ్ల తుప్పుతో బేరాలాడింది. కొన్ని నట్లు కిరోసిన్‌కు లొంగాయి, కొన్ని తిట్లకు లొంగాయి. దేనికీ లొంగనివాటిని కోయడానికి లచ్చయ్యను పిలిచారు. అతనికి రింగు రోడ్డు మీద మెకానిక్ షెడ్డు ఉంది. సమ్మెలో అదీ బందు. వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఇది అయ్యే పని కాదని చెప్పి, టీ తాగిపోయాడు. మర్నాడు పిలవకుండానే వచ్చి మళ్లీ అదే చెప్పాడు. మూడోసారి వచ్చినప్పుడు రాధమ్మ టీ గ్లాసుతో పాటు కోసే బ్లేడు కూడా చేతికిచ్చింది. ఆనాటి నుంచి అతను కాదు కాదంటూనే పనిచేశాడు.

వైర్ల దగ్గర రాధమ్మకు ఒక ఆలోచన వచ్చింది. పోచంపల్లిలో చిన్నప్పుడు రంగుల అద్దకానికి నూలుకు ముడులు వేసి చిటికి కట్టిన చెయ్యి ఆమెది. ఏ వైరు ఎక్కడిదో గుర్తుండటానికి ఒక్కో వైరుకు ఒక్కో రంగు పట్టుదారం ముడి వేసింది. లైట్లకు పసుపు, హారన్‌కు ఎరుపు, ఇంజనుకు ఆకుపచ్చ. ఇందు మురిసిపోయి ఫోటో కూడా తీసింది. ఆ వైర్ల కట్టకు మురికి పట్టిందని లచ్చయ్య పెట్రోలులో ముంచి కడిగాడు. దారాల రంగులన్నీ దిగిపోయి, ముడులన్నీ ఒకే బూడిద రంగుకు వచ్చాయి. రాధమ్మ రోజంతా లచ్చయ్యతో మాట్లాడలేదు. ఫోటో చూద్దామంటే ఇందు ఫోనులో వైర్ల కన్నా అత్తమ్మ ముఖమే బాగా పడింది. ఇక ఊహ మీద కలిపారు. ఎడమ లైటు వెయ్యబోతే వైపర్ మోటరు తిరిగింది. తాళం తిప్పితే ఇంజను స్టార్ట్ అయింది గాని, తిరిగి తిప్పితే ఆగలేదు. ఆపాలంటే వెనక్కి పోయి ఒక వైరు పీకాలి. ఇప్పటికి ఇట్ల నడవనీ, తరువాత చూద్దామని రాధమ్మ అంది.

ఇంజను దించినప్పుడు, చట్రానికి చక్రాలు ఎక్కినప్పుడు పట్టాభి గోడ దగ్గర నిలబడి చూశాడు. పాత బాడీ చిత్తుకు పోయిన రోజు మాత్రం బయటికి రాలేదు. మర్నాడు వచ్చి, ఇంజను తనది కాబట్టి కారు మనసు ఆంధ్రాదేనని మారయ్యతో గోడ మీద వాదం పెట్టాడు. చక్రాలు కర్మన్‌ఘాట్ మట్టిలో ఉన్నాయి కదా అన్నాడు మారయ్య. ఇన్ని రోజుల్లో మారయ్య కారు గురించి మాట్లాడింది ఆ ఒక్క ముక్కే.

బ్రేకులు మాత్రం మిగిలిపోయాయి. కొత్త పైపులు సికింద్రాబాదు నుంచి రావాలి, అక్కడ దుకాణాలు బందు. హ్యాండ్ బ్రేకు ఉంది గాని దాని కేబులు పొడవెక్కువై, లాగితే జోలెలా వేలాడేది. బాడీ ఇంకా మూలకే ఉంది. చూసేవాళ్లకు కనిపించేది నాలుగు చక్రాల మీద ఇనప మంచం, దాని మీద రెండు సీట్లు, ముందు స్టీరింగు, వెనకాల గుర్రుమనే ఇంజను. అంతే.

సమ్మె నడుమ తెలంగాణ బందుకు పిలుపిచ్చిన నాడు, పొద్దున పదకొండు ప్రాంతంలో, రాధమ్మ దాన్ని గేటు బయటికి తోయించింది. గల్లీ చివరిదాకా పోయి, వెనక్కి తోసుకుని రావాలని అనుకున్నారు. పట్టాభి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. లచ్చయ్య కాదు కాదన్నాడు. అతను ఎప్పుడూ అనేదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. రాధమ్మ స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పింది.

వాళ్ల గల్లీ చివర్లో పల్లంగా ఉంటుంది. ఆ సంగతి ఇరవై ఏళ్లుగా తెలుసు గాని, చక్రాల మీద కూర్చుని ఎవరూ చూడలేదు. గల్లీ చివరికి వచ్చేసరికి బండి ఆగే ఉద్దేశంలో లేదు. రాధమ్మ బ్రేకు పెడలు తొక్కింది. అది పాపం నేలను తాకి అక్కడే ఉండిపోయింది. పట్టాభి హ్యాండ్ బ్రేకు లాగితే అది చేతిలోకి వచ్చినంత పనైంది. రాధమ్మ స్టీరింగు ఎడమకు తిప్పింది. బండి బుద్ధిగా ఎడమకు తిరిగి, ఆంజనేయస్వామి గుడి ముందు నుంచి రింగు రోడ్డు ఎక్కింది.

రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఎప్పుడూ లారీలూ ఆటోలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే ఆ దారి ఆ రోజు కడిగిన పళ్లెంలా ఉంది. రాధమ్మ గేరు మార్చింది. శ్రీధర్ పక్కన ఉన్నప్పుడు కరకరమన్న గేరు, ఇప్పుడు చప్పుడు లేకుండా పడింది. గేరు తీసేస్తే బండి కొంతదూరం పోయి దానంతట అదే ఆగేదని ఇందు తరువాత చాలాసార్లు చెప్పింది. ఆ సంగతి తనకు అప్పుడే తెలుసని రాధమ్మ ఒప్పుకున్నది కూడా చాలా తరువాతే. ఆమెకు ఆపబుద్ధి కాలేదు. ముఖానికి గాలి కొడుతోంది. కొప్పు ఊడిపోయింది. పక్కన పట్టాభి ఆంజనేయస్వామికి టెంకాయలు మొక్కడం మొదలుపెట్టాడు. బైరామల్‌గూడ దాటేసరికి మొక్కు తలనీలాలదాకా వచ్చింది.

సాగర్ రింగు రోడ్డు దగ్గర జెండాలు పట్టుకున్న యువకులు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఎముకల గూడులాంటి బండి మీద జుట్టు విరబోసుకుని వస్తున్న ఆమెను చూసి, ఇది కూడా నిరసనలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టి దారిచ్చారు. ఒకడు జై తెలంగాణ అన్నాడు. రాధమ్మ కూడా అంది. అందరూ పట్టాభి వైపు చూశారు. ఆయన నోటి వెంట కూడా ఆ మాట వచ్చింది. రాధమ్మ చెవులారా విన్నది. అది దగ్గు అని ఆయన ఇప్పటికీ అంటాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో ఆనాడు వంటా వార్పూ. రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి పులిహోర కలుపుతున్నారు. రాధమ్మకు ముందు పొయ్యిలు కనిపించాయి, పక్కన పోలీసులు కనిపించారు, రెండింటి మధ్యలో టెంటు కనిపించింది. పొయ్యి మీదికి పోలేదు, పోలీసుల మీదికి పోలేదు. టెంటు తాళ్లలోకి పోయింది. గుంజ విరిగి, షామియానా నిదానంగా, మర్యాదగా, దీక్షాపరుల నెత్తిన వాలింది. దాని అంచు చక్రానికి చుట్టుకుని బండి ఆగి, ఇంజను దానంతట అదే ఆరిపోయింది.

గుడ్డ కింద నుంచి ఒక్కొక్కరే పాక్కుంటూ బయటికి వచ్చారు. దెబ్బలేమీ తగల్లేదు. నాలుగోవాడు మారయ్య. అతని చేతిలో సగం కొరికిన మిరపకాయ బజ్జీ ఉంది. భార్యను చూశాడు, బజ్జీని చూశాడు, ఏది ముందు దాచాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి బండి నంబరు అడిగాడు. ఇంకా కడుతున్నామని రాధమ్మ చెప్పింది. లైసెన్సు అడిగాడు. బండి అయినంక తీసుకుందామనుకున్నానంది. ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నాడు. ఈలోగా పట్టాభి గొడుగు ఊతగా లేచి, ఇందులో తన ప్రమేయం ఏమీ లేదండీ, తనని ఎక్కించుకుని తీసుకొచ్చేశారండీ అన్నాడు. ఆ యాస వినగానే చుట్టూ ఉన్నవాళ్లు ఆయన వైపు తిరిగారు. ఎవరో వెనక నుంచి, ఈయన ఆంధ్రాయననా, ఇక్కడికెందుకొచ్చిండని అడిగారు. అడిగిన తీరు బాగాలేదు. ఇద్దరు ముగ్గురు ముందుకు జరిగారు.

మారయ్య వచ్చి పట్టాభి పక్కన నిలబడ్డాడు.

“మా పక్కింటి సారు. నా పెండ్లాం నడుపుతుంటే బ్రేకుల్లేని బండి ఎక్కిండు. గంత ధైర్యం ఉన్నోడు మనల ఎవరన్న ఉంటే ముందుకు రాండ్రి.”

ఎవరూ రాలేదు. ఎవరో నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. పట్టాభిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆకులో పులిహోర పెట్టి, నీళ్లిచ్చారు. ఆయన రెండు ఆకుల పులిహోర తిన్నాడు. పోపులో ఇంగువ లేదని కూడా చెప్పాడు. దాంతో ఆయన కోలుకున్నాడని అందరికీ అర్థమైంది.

ఇంజను స్టార్ట్ చెయ్యకుండా బండిని తోసుకుని ఇంటికి పొమ్మన్నాడు ఇన్‌స్పెక్టర్. మళ్లీ రోడ్డు మీద కనిపిస్తే స్టేషన్‌లో పెట్టిస్తానన్నాడు. సమ్మెలో ఉన్న ఆర్టీసీ డ్రైవర్లు తోడు వచ్చి కర్మన్‌ఘాట్‌దాకా తోశారు. రాధమ్మ స్టీరింగు వదల్లేదు.

ఇంటికి వచ్చాక మారయ్య గట్టిగా అరిచాడు. ఇందు అడ్డం రాబోతే రాధమ్మ చెయ్యెత్తి ఆపింది. చస్తే ఏమయ్యేదని అతను అడిగాడు. ముసలాయన్ని చంపితే మొఖం ఎక్కడ పెట్టుకునేవాళ్లమని అడిగాడు. అన్నీ నిజాలే కాబట్టి రాధమ్మ విని ఊరుకుంది. నీకేం తక్కువ చేసినమని అతను అడిగినప్పుడే మాట్లాడింది.

“తక్కువేం చెయ్యలే. పెండ్లయినకాడికెళ్లి యాడికి పోయినా ఎవరో ఒకరు తోలుకపోతేనే పోయిన. దుకాణానికైనా, దవాఖానకైనా. నేనే పోవాలె ఒక్కసారన్న.”

“యాడికి?”

“తెల్వదు. బండి అయినంక ఆలోచిస్త.”

మారయ్య బయటికి పోయి, చట్రం దగ్గర కూర్చుని, చక్రానికి చుట్టుకుని మిగిలిన షామియానా దారాలను ఒక్కొక్కటే లాగసాగాడు. లాగుతూ, టెంటు కొత్తది కొనియ్యాలని గొణిగాడు. అది రాజీ అని ఆమెకు తెలుసు. టీ పెట్టి పంపించింది.

సమ్మె ముగిసింది. రాష్ట్రం రాలేదు, బ్రేకు పైపులు వచ్చాయి. పైపులు బిగించాక వాటిలో గాలి తీయాలని, దానికి ఒకరు పైన కూర్చుని పెడలు తొక్కితే ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేస్తూ బిగిస్తూ ఉండాలని లచ్చయ్య చెప్పాడు. మారయ్య పెడలు దగ్గర కూర్చున్నాడు. పట్టాభి చక్రం దగ్గర ముక్కాలిపీట వేసుకున్నాడు. పట్టాభి తొక్కండి అన్నప్పుడు మారయ్య వదిలేవాడు, వదలండి అన్నప్పుడు తొక్కేవాడు. బ్రేకు ఆయిల్ పట్టాభి చొక్కా మీద పడింది. ఇలాంటి మనుషులతో కలిసి ఎలా ఉంటామనుకున్నానో అన్నాడాయన. నేను ముందునించి చెప్తనే ఉన్నగా అన్నాడు మారయ్య. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా, నాలుగు చక్రాలకూ గాలి తీసి, చివరికి పెడలు రాయిలా గట్టిపడ్డాక ఇద్దరూ దాన్ని వంతులవారీగా తొక్కి చూసుకున్నారు.

బాడీ ఎక్కించడానికి ఇంకో ఏడాది పట్టింది, దాని రంధ్రాలూ చట్రం రంధ్రాలూ ఒక్కటీ కలవకపోవడం వల్ల. రంగు దగ్గర అత్తాకోడళ్లకు పడక, ముందు సగం ఒక రంగు, వెనక సగం ఇంకో రంగు వేశారు. ఇటువంటి బండికి నంబరు రావడం కష్టమని ఇందు ఆఫీసులో తెలిసినవాళ్లు చెప్పారు. రాధమ్మ నాగోలు ఆర్టీఏ ఆఫీసుకు పోయి, శ్రీధర్ కారు మీద టెస్టు ఇచ్చి లైసెన్సు మాత్రం తెచ్చుకుంది. తాళం శ్రీధరే బీరువాలోంచి తీసి ఇచ్చాడు. టెస్టు జరుగుతున్నంతసేపు అటు తిరిగి నిలబడ్డాడు.

బాలాపూర్ దాటాక తెలిసినవాళ్ల ప్లాట్ల వెంచరు ఒకటుంది. ఇళ్లు ఇంకా లేవలేదు, రోడ్లు మాత్రం వేశారు. రెండు రంగుల కారును చిన్న లారీలో ఎక్కించి అక్కడికి తీసుకుపోయేవాళ్లు. ఒక సాయంత్రం రాధమ్మ నాలుగు చుట్లు కొట్టి, దిగి, పక్క సీట్లోకి మారి, ఇందును స్టీరింగు ముందుకు రమ్మంది. ఇన్ని రోజులు పుస్తకం చదివి, వైర్లు కలిపి, బోల్టులు బిగించిన ఇందు ఒక్కసారీ కారు నడపలేదు. ఎవరూ అడగలేదు, తనూ అనలేదు.

ఇందు క్లచ్ వదిలింది. కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి కొంచెం దూరం కుంటుకుంటూ పోయి ఆగింది. ఇందు భయంగా అత్తమ్మ వైపు చూసింది.

రాధమ్మ ఒళ్లో పల్లీల పొట్లం విప్పుకుని ఒలుచుకుంటోంది. తల ఎత్తలేదు.

“మళ్ల స్టార్ట్ చెయ్ బిడ్డా” అంది.